గుమ్మపాలు

శివరాత్రి అయిన వారానికి వర్షిణి పుట్టింటికి వచ్చింది. నాలుగో నెల. పొద్దున లేస్తే వాంతులు, తిన్నది కడుపులో నిలవదు. అల్లుడు వెంకటేష్ పగిడ్యాలలో బస్సెక్కించి, నంద్యాలలో మార్చి, ఆళ్ళగడ్డలో ఆటో మాట్లాడి మా ఊరికి తీసుకొచ్చాడు. గడప ముందు దిగిన బిడ్డ మొహం చూసి, అల్లుడు పక్కనే ఉన్నాడని కూడా చూడకుండా అనేశాను.

"ఏంది పాపా ఇట్లయిపోయినావ్? ఆడ నీకు కూడు పెట్టేవాళ్ళు లేరా?"

"అత్త బాగనే చూస్తాండాది మా. నాకే ఏదీ సయించడంలే" అంది వర్షిణి.

అల్లుడు సంచి అరుగు మీద పెట్టి, ఇచ్చిన కాఫీ సగం తాగి, మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయాడు.

ఆ సంబంధం మొదటి నుంచీ నా మనసుకు పట్టలేదు. పిల్లవాడు మంచివాడు. వాళ్ళకూ పొలం ఉంది. కానీ వియ్యంకుడు పుల్లయ్యకు పొలంతో పాటు గొర్రెల మంద ఉంది. ఇంటి వెనకే దొడ్డి. పెళ్ళికి ముందు ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు గాలి అటు నుంచి వీచింది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. వియ్యపురాలు రాజేశ్వరమ్మ అది చూసి, లేచి వెళ్ళి వెనక తలుపు మూసి వచ్చింది.

మాది ఆవుల ఇల్లు. మా మామగారి కాలం నుంచి కొట్టం ఎప్పుడూ ఖాళీగా లేదు. అంతకుముందు దీపావళికి మా ఆయన విశ్వేశ్వరయ్య పక్క జిల్లా సంతలో ఒక చూలు ఆవును కొని తెచ్చాడు. నల్లది, నిండు పొదుగు. శివరాత్రికి ముందు, ఈనడానికి ఇంకా నెల ఉందనగా, అది ఈసుకపోయింది. చచ్చిన దూడ పడింది. కొట్టంలో తడికి కాలు జారి పడిందేమో, దానికే అట్లా అయిందనుకున్నాం. మాయ పడకపోతే నేనే చేయి పెట్టి తీశాను. అదంతా నేనే కడిగాను. దూడ పోయినా ఆవుకు పాలు వచ్చాయి. అదే గొప్ప అనుకున్నాను.

ఆ పాలే వర్షిణికి పట్టాను. తెల్లవారగానే కొట్టంలోకి వెళ్ళి, పిండిన పాలు నురుగు ఆరకముందే గ్లాసులో పోసి, మంచం దగ్గరికి తెచ్చేదాన్ని. గుమ్మపాలు. వర్షిణి నా కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ నాకు అట్లాగే తెచ్చి ఇచ్చేది.

"కాంచి ఇయ్యి మా. పచ్చివాసన వస్తాండాది" అనేది వర్షిణి.

"కాంచితే సత్తువంతా పోతాది. కండ్లు మూసుకోని తాగు."

తాగేది. కొన్నాళ్ళకు వాంతులు తగ్గి కాస్త ఒళ్ళు చేసింది. పక్కింటి నాగజ్యోతి చూసి, "మొహం తేటపడింది అక్కా" అంటే, నేను వీధి అరుగు మీద కూర్చుని మా ఇంటి కూటికీ పగిడ్యాల కూటికీ తేడా చెప్పేదాన్ని.

ఉగాది ఇంకా వారం ఉందనగా జ్వరం మొదలైంది. పగలు బాగుండేది. పొద్దు వాలేసరికి ఒళ్ళు కాలేది. తెల్లారేసరికి జాకెట్టు పిండుకునేంత చెమట. నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పి. ఆళ్ళగడ్డలో టైఫాయిడ్ అని మందులిచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. నీరసానికి మంచిదని నేను గ్లాసు మార్చి పెద్ద గ్లాసు పెట్టాను.

శ్రీరామనవమి పందిళ్ళు ఇంకా విప్పకముందే, ఒక మధ్యాహ్నం వర్షిణి కడుపు పట్టుకుని వంటింట్లో కూర్చుండిపోయింది. కారు మాట్లాడుకుని నంద్యాల ఆస్పత్రికి తీసుకెళ్ళాం. బిడ్డ దక్కలేదు. మగబిడ్డ అని ఆయా చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

సాయంత్రానికి రాజేశ్వరమ్మ వచ్చింది. వర్షిణిని ఇంటికి పంపేదాకా ఆమె ఆస్పత్రి వదల్లేదు. మంచం కింద దుప్పటి పరుచుకుని పడుకుంది. రక్తపు గుడ్డలు నన్ను ముట్టుకోనివ్వలేదు.

"కన్నతల్లి మీరు. ఈ పని మీ చేతికి వద్దు వదినా" అని తనే ఉతికి ఆరేసింది.

ఆ మాటలో ఉన్నది అప్పుడు నాకు వినపడలేదు. కోడలి మీద హక్కు చూపించుకుంటోంది అనుకున్నాను.

జ్వరం ఎందుకు వదలడం లేదో చూడాలని అక్కడి డాక్టరమ్మ రక్తం తీసి బయటి ల్యాబుకు పంపింది. కొన్నాళ్ళకు రిపోర్టు వచ్చింది, రెండు ఇళ్ళవాళ్ళూ రండి అని కబురు చేసింది. ఆ రోజు వరండా నిండా జనం, చీటీలు పట్టుకుని గోడల వెంట కూర్చున్నారు. డాక్టరమ్మ గదిలో చోటు చాలక మేము గుమ్మం దగ్గరే నిలబడ్డాం.

"బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి ఇది. పశువుల నుంచి మనుషులకు వస్తుంది. గర్భం పోవడానికి ఇదే కారణం అయి ఉండొచ్చు. మందులు వారాల తరబడి వాడాలి, మధ్యలో మానకూడదు" అంది డాక్టరమ్మ. తరవాత కాగితం మళ్ళీ చూసి అడిగింది. "ఇందులో రకాలున్నాయి. ఈ అమ్మాయిలో ఉన్నది ఎక్కువగా గొర్రెల్లో, మేకల్లో ఉండే రకం. మీ ఇంట్లో అవి ఉన్నాయా?"

నేను జవాబు చెప్పేలోపే రాజేశ్వరమ్మ చెప్పింది. "మా ఇంట్లో ఉండాయి డాక్టరమ్మా."

నేను వరండాలోకి వచ్చి నిలబడి అరిచాను. గొంతు తగ్గించాలని కూడా అనుకోలేదు.

"చూసినారా? పెంటికల కొంప అని ఆ పొద్దే అనుకున్న్యా. గొర్రెల్ని పిసికిన చేతుల్తోనే నా బిడ్డకు కూడు పెట్టింది. ఆ చేతులు చూడండి. నా మనవణ్ణి మింగిన చేతులు అవి."

గోడల వెంట కూర్చున్న వాళ్ళంతా తలలు తిప్పారు. ఒకామె తన పిల్లవాణ్ణి దగ్గరికి లాక్కుంది. రాజేశ్వరమ్మ రెండు చేతులూ కొంగు కిందికి లాక్కుంది.

"చెల్లెమ్మా, లోపల పాప వింటాండాది" అన్నాడు పుల్లయ్య. అంతే అన్నాడు.

తరవాతి వారం పశువుల డాక్టరు అనిత మా ఇంటికి వచ్చింది. చిన్నవయసు, మాట నిదానం. మనుషుల్లో దొరికిన సూక్ష్మజీవినీ, చుట్టుపక్కల పశువుల్లో దొరికినదాన్నీ బెంగళూరు ల్యాబుకు పంపి పోల్చి చూసే పనిలో ఉన్నానని చెప్పింది.

"అది యాడినుంచి వచ్చిందో తెలిస్తేనే, ఇంగ ఎవరికి రాబోతాందో ముందుగా తెలుస్తాది పెద్దమ్మా. పగిడ్యాలలో గొర్రెల రక్తం తీసుకున్న్యాం. మీ ఆవులదీ తీసుకోవాల" అంది.

"మా ఆవులకేం కత? ఆ రోగం గొర్రెల్లోదని మీ డాక్టర్లే చెప్తిరి గదా" అన్నాడు మా ఆయన.

"ఈ మధ్య ఏదన్నా ఈసుకపోయిందా?" అనిత నన్ను అడిగింది.

"ఒకటి పోయింది. జారిపడి" అన్నాను.

"అయితే దాని రక్తం తప్పకుండా చూడాల పెద్దమ్మా."

"సూది గుచ్చేది లేదు" అన్నాడు మా ఆయన. "ఆ మాట బయటికి పోతే రేపు మా ఇంటి పాలు ఎవురు పోయించుకుంటారు? పోయి ఆ గొర్రెల్ని చూసుకోండి."

నేను ఆయన మాటకు అడ్డం చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. అనిత తన నంబరు గోడకున్న క్యాలెండరు మీద రాసి, కొట్టం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

పుల్లయ్య మందలో రెండు గొర్రెలకు రోగం ఉందని తేలింది. నాకు ఇంకేం కావాలి. ఊరంతా చెప్పాను.

ఎండలు ముదిరాక ఒకరోజు పుల్లయ్య ఒక్కడే వచ్చాడు. వసారాలో కూర్చోమన్నా కూర్చోకుండా, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వర్షిణి జ్వరం అప్పటికి తగ్గింది. మాత్రలు ఇంకా మింగుతోంది. తలుపు చాటున నిలబడి వింటోందని నాకు తెలుసు.

"ఆ రెండిట్నీ పశువుల డాక్టరమ్మ చెప్పినట్టే చేసి, గుంత తీసి సున్నమేసి పూడ్చినా చెల్లెమ్మా. మిగతావాట్ని మళ్ళీ చూసినారు. అన్నీ బాగుండాయంట. దొడ్డి గూడా ఇంటికాడ వద్దు, పొలంలోకి మారుస్తా. పాప అటు పక్క రానే రాదు. మాత్రలు అయిపోతానే పంపించండి. ఇంట్లో అందరికీ బెంగగా ఉండాది."

"గొర్రెలుండే ఇంటికి నా బిడ్డను పంపను" అన్నాను.

"పొలంలో పెడతానంటాండా గదమ్మా."

"పొలంలో పెట్టినా మీ చేతుల్తో ఇంటికి వస్తాది. గొర్రెలన్నా ఉండాల, కోడలన్నా ఉండాల. మీరే చెప్పండన్నా."

మా ఆయన నా వైపు చూశాడు. మాట ఎక్కువైందని ఆయనకూ అనిపించింది. పుల్లయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"సరేమ్మా" అన్నాడు చివరికి.

మంచినీళ్ళు కూడా తాగకుండా పోయాడు. ఆయన గడప దాటాక వర్షిణి బయటికి వచ్చింది. "వాళ్ళ నాయన కాలం నుంచి పెంచుకుంటాండే మంద మా అది. మామకు ఒక్కోదానికి ఒక్కో పేరు ఉండాది" అంది. నీ మంచికే చెప్పాను అన్నాను.

పది పన్నెండు రోజుల తరవాత వెంకటేష్ ఫోన్ చేశాడు. మొత్తం మందను అనంతపురం వైపు వాళ్ళెవరో లారీలో తోలుకుపోయారు. లారీ మలుపు తిరిగేదాకా నాయన దాని వెనకే నడిచాడని వర్షిణికి చెప్పాడు. ఆ రోజు వర్షిణి అన్నం తినలేదు. నేను మాత్రం, గెలిచినట్టే, చీరలు మడతపెట్టి సంచి సర్దాను. మాత్రలు పూర్తయ్యాక బిడ్డను అత్తగారింటికి పంపాను.

తొలకరి వానలు పడ్డాక, చూలుతో ఉన్న మా తెల్లావు కూడా ఈసుకపోయింది.

పొద్దున చీపురు తీసుకుని కొట్టంలోకి వెళ్ళినప్పుడు చూశాను. గడ్డి మీద పడి ఉన్న దూడ, వేలాడుతున్న మాయ, అదే రంగు, అదే వాసన. ఈసారి నేల పొడిగా ఉంది. జారిపడటానికి బురద లేదు. పక్క గాడి దగ్గర నల్లావు నెమ్మదిగా నెమరేస్తోంది. నేను అలవాటు కొద్దీ ముందుకు వంగాను. చేయి మధ్యలోనే ఆగిపోయింది.

మా ఆయన వచ్చి చూసి తల పట్టుకున్నాడు. కాసేపటికి తేరుకుని, గొంతు తగ్గించి అన్నాడు.

"రెండిట్నీ సంతకు తోలేద్దాం. బేగా తోలేద్దాం. ఎవురికీ చెప్పొద్దు."

"కొనేవాళ్ళ ఇంట్లో కడుపుతో ఉండే పిల్ల ఉంటే?" అన్నాను.

నేను ఇంట్లోకి వచ్చి క్యాలెండరు మీద నంబరు చూసి ఫోన్ చేశాను.

"అనితమ్మా, నేను వర్షిణి వాళ్ళమ్మను. నువ్వు రామ్మా. ఈడ ఏదీ కడగలేదు. ఏదీ ముట్టుకోలేదు."

మా ఆయన పై కండువా భుజాన వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. అనిత వచ్చింది, చేతులకు తొడుగులు, మొహానికి గుడ్డ. మాయలోంచి కొంత, రెండు ఆవుల పాలు, రక్తం తీసుకుంది. నా రక్తం కూడా తీసుకుంది. ఆ ఆవులను వేరే కట్టమని, అమ్మొద్దని, పాలు ఎవరికీ పోయొద్దని చెప్పింది. ఏమని తేలుతుందమ్మా అని అడిగితే, "తేలకముందే నేనేం చెప్పను పెద్దమ్మా" అంది.

వాళ్ళకు సమయం పట్టింది. నేను ఆ రోజులన్నీ కొట్టంలో పని చేస్తూ ఏదో ఒకటి నచ్చజెప్పుకున్నాను. పుల్లయ్య గొర్రెలు కిందటేడు వేసవిలో ఎరువు కోసం మా చేలో పడుకున్నాయి. వాటి నుంచే మా ఆవులకు అంటి ఉంటుంది. అప్పుడూ తప్పు వాళ్ళదే అవుతుంది. నిజంగా అట్లాగే ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా.

అనిత మళ్ళీ వచ్చినప్పుడు మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆమె వసారాలో చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. తెర మీద ఒక బొమ్మ ఉంది, పక్కకు పడేసిన చెట్టు కొమ్మలాగా. చీలి చీలి సన్నటి పుల్లలై, ఒక్కో పుల్ల చివర ఒక చుక్క.

"ప్రతి సూక్ష్మజీవి లోపల ఒక రాత ఉంటాది పెద్దమ్మా. జీనోమ్ అంటారు. అది ఒకటి రెండై, రెండు నాలుగై పెరిగేకొద్దీ ఆ రాతలో యాడో ఒక అక్షరం మారుతాది. రాత దాదాపు ఒకటిగా ఉంటే దగ్గరి చుట్టాలు. బాగా తేడా ఉంటే దూరం చుట్టాలు. ఆ చుట్టరికమే ఈ బొమ్మ."

"పేరు ఒకటే గదా అన్నిటికీ? గొర్రెల రకం అన్నారు" అన్నాడు మా ఆయన.

"ఇంటిపేరు ఒకటే నాయనా. ఇండ్లు వేరు." ఆమె వేలితో చూపించింది. "ఇవి పుల్లయ్య గారి రెండు గొర్రెల్లో దొరికినవి. ఈ కొమ్మ మీద ఉండాయి. ఈ చుక్క వర్షిణి రక్తంలో దొరికింది. ఈ కొమ్మ మీద ఉండాది. రెండు కొమ్మలు విడిపోయి చాలా ఏండ్లయి ఉంటాది."

వర్షిణి చుక్క పక్కనే, అంటుకున్నట్టుగా, ఇంకో రెండు చుక్కలు ఉన్నాయి. అవి ఏమిటని నేను అడగలేదు. ఆమే చెప్పింది.

"ఇవి మీ ఆవులవి. నల్లదీ తెల్లదీ."

వీధిలో ఎవరో మంచాలు అల్లుతామని కేకలేస్తూ పోయారు.

"ఆ గొర్రెలు మా చేలో పడుకున్న్యాయి గదమ్మా" అన్నాను.

"పడుకోని ఉండొచ్చు. కానీ మీ ఆవుల్లోది వాటినుంచి వచ్చింది కాదు. ఇది పక్క జిల్లాలో, ఆ సంతల చుట్టుపక్కల మేము చూసినవాటికి దగ్గరగా ఉండాది." ఆమె నా మొహం చూసి ఆగింది. "ఈ బొమ్మ ఎవరి తప్పనేది చెప్పదు పెద్దమ్మా. ఏది దేనికి దగ్గరో చెప్తాది, అంతే. వర్షిణి ఆ ఆవు పాలు పచ్చివి ఏమన్నా తాగిందా?"

"కాంచితే పోతాదా అది?"

"ఒక్క పొంగు వస్తే చచ్చిపోతాది."

మా ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. నాకూ ఆ రోగం అంటిందని, మాత్రలు వాడాలని అనిత చెప్పింది. నా బిడ్డ పడినదే నేనూ పడతానని, ఆ మాట నాకు తేలిగ్గా అనిపించింది. నాగజ్యోతికీ, మా పాలు పోయించుకునే ఇళ్ళకూ ఆ రోజే పోయి చెప్పాను. వాళ్ళంతా కాచుకునే తాగారు. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడారు. అది సహించాను. పగిడ్యాలకు పోవడమే మిగిలింది.

మా ఆయన రానన్నాడు. "ఏ మొహం పెట్టుకోని పోయేది" అన్నాడు. ఉన్న ఆ ఒక్క మొహంతోనే నేను నంద్యాలలో ఆత్మకూరు బస్సెక్కాను. వెలుగోడు దాటుతుంటే పక్కసీటు ఆమె, ఎవరింటికి అని అడిగింది. కూతురింటికి అన్నాను. అదృష్టవంతురాలివి అంది.

రాజేశ్వరమ్మ వసారాలో కూర్చుని విత్తనం కోసం శనక్కాయలు వలుస్తోంది. నన్ను చూసి లేచింది. వర్షిణి లోపల వంట దగ్గర ఉంది. ఇంటి వెనక తలుపు తెరిచే ఉంది. దొడ్డి ఊడ్చిన నేలలాగా ఉంది. గాలికి ఏ వాసనా రాలేదు.

చాప మీద కూర్చోబోతూ ఆగి, నిలబడే చెప్పాను. "మీ గొర్రెలవల్ల కాదు వదినా. మా ఆవుది. పచ్చిపాలు నా చేత్తో నేనే తాగించినా."

"తెలుసు" అంది ఆమె.

నాకు అర్థం కాలేదు.

"పశువుల డాక్టరమ్మ మా ఆయనకు ఫోన్ చేసింది. పాపకు వచ్చింది మీ గొర్రెల్లోది కాదని చెప్పింది. అంతకు మించి ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు. మిగతాది అర్థమైంది."

"తెలిసి ఎందుకు రాలేదు వదినా? వచ్చి నన్ను అడగొచ్చు గదా."

"వచ్చి ఏం జేసేది." ఆమె వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "పాపకు చెప్పలేదు. మీరూ చెప్పొద్దు. అమ్మ చేతి పాలని తెలిస్తే ఆ పిల్ల మోయలేదు. గొర్రెలు ఎట్లాగూ పోయినాయి. ఆ పేరు వాటిమీదనే ఉండనీండి."

నా గుండె మీది బరువు ఒక్కసారి దిగినట్టయింది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ వేసవి అంతటిలో నేను చేసినవీ అన్నవీ ఎన్ని ఉన్నా, ఆ ఒక్క ఊపిరి తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

సరేనన్నట్టు చాప మీద కూర్చున్నాను. వర్షిణి వచ్చి, చెప్పకుండా వచ్చినావేం మా అని సంతోషపడింది. ఒళ్ళు బాగుపడింది. కంచం పెట్టి కొర్రన్నం వడ్డించింది. రాజేశ్వరమ్మ కావాలనే బయటికి వెళ్ళింది.

"మామ కనపడడేం?" అని అడిగాను.

"వేరేవాళ్ళ మందతో పోతాండాడు మా. ఇంట్లో కూచుంటే తోచడంలేదంట. కూలికి గూడా కాదు, ఊరికే పోతాండాడు." ఆమె పప్పు వడ్డిస్తూ, నా వైపు చూడకుండా అంది. "నేను ఈ ఇంట్లోకి రాకపోయింటే ఆ గొర్రెలు ఉండేవి. ఎవురూ ఒక్క మాట అనరు. అందుకే ఇంగా కష్టంగా ఉండాది."

ముద్ద నోటి దాకా పోలేదు. నేను దాచితే ఎవరు మోస్తారో అప్పుడు కనపడింది. కంచం పక్కకు జరిపి చెప్పేశాను. నల్లావు సంగతి, ఈసుకపోయిన దూడ సంగతి, ఆ చెట్టుకొమ్మ బొమ్మ మీద మూడు చుక్కలు పక్కపక్కన ఉన్న సంగతి.

వర్షిణి చేతిలో గరిటె అట్లాగే ఉంది.

"కాంచి ఇయ్యమని అడిగినా" అంది.

"అడిగినావు."

ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. గరిటె గిన్నెలో పెట్టి, వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి నిలబడింది. ఆ వీపు మీద చేయి వేయాలని లేచాను. దగ్గరిదాకా వెళ్ళి వేయలేకపోయాను.

అటు తిరిగే అంది. "మామ వచ్చేదాకా ఉండు. ఆయనకు నువ్వే చెప్పు. నేను చెప్పలేను."

పొద్దు వాలేవేళకు పుల్లయ్య వచ్చాడు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక, ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. ఆయనకు తెలుసునని నాకు తెలుసు. అయినా మొదటి నుంచీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అయిపోయాక తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆ ఆవులు మేత తింటాండాయా?" అని అడిగాడు.

"తింటాండాయన్నా."

"వేరే కట్టినారా?"

"కట్టినాం."

"కొట్టొద్దు వాటిని. కోపంలో కొడతారు మనుషులు."

మీకు మళ్ళీ మంద కట్టిస్తామని అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. కోపంగా కాదు. "మా నాయన కాడినుంచి పిల్లకు పిల్లగా వచ్చినవి చెల్లెమ్మా అవి. సంతలో యాడ దొరుకుతాయి" అన్నాడు.

చివరి బస్సుకు బయలుదేరాను. వర్షిణి గడప దాకా వచ్చింది. గడప దాటలేదు. పోయొస్తా పాపా అంటే తల ఊపింది. ఈసారి ఎప్పుడు వస్తావని అడగడానికి నాకు నోరు రాలేదు. తరవాత దసరాకు కూడా ఆమె రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ళ నాయనతో మాట్లాడుతుంది, నేను అందుకుంటే బాగున్నావా మా అంటుంది, అంతవరకే.

బస్టాపు దాకా రాజేశ్వరమ్మ తోడు వచ్చింది. బస్సు దీపాలు దూరంగా కనపడినప్పుడు నేను ఆమె చేతులు పట్టుకున్నాను. గట్టి చేతులు, శనక్కాయల మట్టి ఇంకా గోళ్ళలో ఉంది.

"ఆ పొద్దు నంద్యాలలో అంతమంది ముందర మిమ్మల్ని అన్న్యా. అంతమంది ముందరే తప్పని చెప్తా వదినా. ఎట్లా చెప్పమంటే అట్లా చెప్తా."

ఆమె చేతులు లాక్కోలేదు. కాసేపు ఆలోచించింది, నిజంగానే దానికి దారి ఉందేమోనన్నట్టు.

"ఆ పొద్దు విన్నోళ్ళు ఏ ఊరోళ్ళో ఏమో వదినా" అంది. "వాళ్ళను ఇప్పుడు యాడని ఎతుకుతారు?"

బస్సు వచ్చి ఆగింది. ఆమె నా సంచి అందుకుని లోపలికి ఇచ్చింది.